న్యూట్రల్ పడట్లేదా? గేర్ రాడ్‌ని తన్నకండి, క్లచ్ వైరు చూడండి

కడప కోటిరెడ్డి సర్కిల్‌లో మే నెల మధ్యాహ్నం. సిగ్నల్ పడింది. ఫస్ట్ గేర్లో క్లచ్ పట్టుకుని నిలబడ్డారు. బూటు కొనతో గేర్ రాడ్‌ని కొద్దిగా పైకి లేపితే మీటర్లో న్యూట్రల్ పచ్చ లైటు వెలగాలి. వెలగదు, బండి సెకండ్‌లోకి పోతుంది. కిందికి తొక్కితే మళ్ళీ ఫస్ట్. ఇలా నాలుగైదు సార్లు. ఎడమ చెయ్యి గుంజుతుంటుంది, వెనకాల ఆటో హారన్ ఆపదు. చివరికి విసుగొచ్చి తాళం తిప్పి ఇంజన్ ఆపేస్తారు. బండిని కాస్త ముందుకీ వెనక్కీ ఊపగానే న్యూట్రల్ ఠక్కున పడుతుంది.

రోగం ఎక్కడుందో బండి అక్కడే చెప్పేసింది. గేర్‌బాక్స్‌లో తేడా ఉంటే ఇంజన్ ఆపినా న్యూట్రల్ పడదు. నడిచేటప్పుడు మొండికేసి, ఆపగానే దారికొచ్చిందంటే తప్పు కాలి దగ్గర లేదు, ఎడమ చేతి దగ్గర ఉంది. చాలాసార్లు రెండు నట్లు, ఒక స్కేలు, అరగంట ఓపిక ఉంటే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

లోపల జరిగేది ఇదీ

మన బళ్ళలో క్లచ్ అంటే ఇంజన్ ఆయిల్లో మునిగి ఉండే పలకల దొంతర. ఒకటి విడిచి ఒకటి పేర్చి ఉంటాయి. ఒక రకం పలకలు ఇంజన్‌తో తిరుగుతాయి, రెండో రకం గేర్‌బాక్స్ షాఫ్ట్‌తో. స్ప్రింగులు రెండింటినీ కలిపి అదిమి పెడతాయి. మీరు ఎడమ చేతి క్లచ్ లివర్ లాగితే ఆ అదుము సడలి పలకలు విడిపోవాలి. తిరగలి పైరాయిని పూర్తిగా ఎత్తకుండా కాస్త లేపి పట్టుకుంటే ఏమవుతుంది? పైది తిప్పితే కిందిది కూడా రాసుకుంటూనే ఉంటుంది. క్లచ్‌లోనూ అంతే. పలకలు పూర్తిగా విడిపోకపోతే బండి ఆగి ఉన్నా ఇంజన్ గేర్‌బాక్స్‌ని తిప్పాలని చూస్తూనే ఉంటుంది. గేర్ల పక్కన ఉండే పళ్ళు ఆ ఒత్తిడికి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఫస్ట్ నుంచి బయటికి రావాలంటే గట్టిగా తన్నాలి. గట్టిగా తన్నితే మధ్యలో ఉన్న న్యూట్రల్ దాటిపోయి సెకండ్ పడుతుంది.

పలకలు విడిపోకపోవడానికి అన్నిటికన్నా మామూలు కారణం వైరు వదులు కావడం. కొత్త వైరు కొన్నాళ్ళకు సాగుతుంది, పాత వైరు నిపిల్ (వైరు కొనన ఉండే లోహపు గుండు) దగ్గర ఒక్కో పోగూ తెగుతూ వదులవుతుంది. అప్పుడు లివర్ ప్రయాణంలో సగం ఆ వదులు లాగడానికే ఖర్చయిపోతుంది. పలకల దాకా చేరే లాగుడు చాలదు.

ముందు పరీక్షలు

పానా పట్టే ముందు ఇది నిజంగా క్లచ్ సమస్యేనా అని తేల్చుకోండి.

మొదటిది పైన చెప్పిందే. ఇంజన్ ఆపి, బండిని కొద్దిగా ఊపుతూ ఫస్ట్ నుంచి న్యూట్రల్‌కి, సెకండ్ నుంచి న్యూట్రల్‌కి వేసి చూడండి. సులువుగా పడితే క్లచ్‌నే అనుమానించాలి. ఆపినా బిరుసుగానే ఉంటే క్లచ్ వైరుతో మీకు పని లేదు. గేర్ రాడ్ వంగిందేమో, దాని బోల్టు వదులై రాడ్ పైకీ కిందికీ ఊగుతోందేమో చూసి, అదీ కాకపోతే షెడ్డుకు తీసుకెళ్ళండి.

రెండోది చదునైన చోట చేయాలి. ఇంజన్ వేడెక్కాక ముందు బ్రేకు పట్టుకుని, క్లచ్ పూర్తిగా లాగి ఫస్ట్ వేయండి. ఎక్సలేటర్ ముట్టుకోకండి. ఇప్పుడు బ్రేకు మెల్లగా వదిలితే బండి కదలకూడదు. ముందుకు పాకుతోందంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. ఫస్ట్ వేయగానే బండి ఎగిరినట్టు జెర్క్ కొట్టి ఇంజన్ ఆగిపోతోందంటే అనుమానమే అక్కర్లేదు.

కొందరు డబల్ స్టాండ్ వేసి, ఫస్ట్ గేర్లో క్లచ్ పట్టి, వెనక చక్రం తిరుగుతోంది కాబట్టి క్లచ్ పోయిందని తేల్చేస్తారు. అది నమ్మకండి. ఆయిల్ జిగురుకి గాల్లో ఉన్న చక్రం కొద్దిగా తిరగడం మామూలే, ముఖ్యంగా పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో. ఆ చక్రాన్ని కాలితో ఆపి చూడటం అసలే వద్దు.

ఇంకోటి. పచ్చ లైటు వెలగకపోవడం వేరు, న్యూట్రల్ పడకపోవడం వేరు. లైటు వెలగట్లేదు గానీ బండి తోస్తే కదులుతోందంటే న్యూట్రల్ పడినట్టే. స్విచ్చో, దాని వైరో, బల్బో చూసుకోవాలి.

కావలసినవి

10, 12 సైజు పానాలు. కొన్ని బళ్ళకు 14 కూడా పడుతుంది. లాక్ నట్టు ఉన్నచోట ఒకటి పట్టుకుని ఇంకోటి తిప్పాలి కాబట్టి ఒకే సైజువి రెండు ఉంటే పని తేలిక. పాత గుడ్డ, కొంచెం ఇంజన్ ఆయిల్, కొంచెం గ్రీజు. పిల్లల జామెట్రీ బాక్సులో నుంచి ఒక స్కేలు.

ఇంజన్ చల్లగా ఉండాలి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున్నే చేసుకోవడం మంచిది. ఎండలో తిరిగొచ్చిన బండికి సెట్టింగ్ చేస్తే చల్లారాక లెక్క మారుతుంది. సైలెన్సర్ పక్కన వేళ్ళు కాలడం అదనం.

ముందు లివర్ వైపు చూడండి

చాలామంది నేరుగా అడ్జస్టర్, అంటే వైరు బిగువు మార్చే మర, తిప్పేస్తారు. అంతకంటే ముందు లివర్‌ని చివరిదాకా లాగి చూడండి. అది హ్యాండిల్ దాకా వస్తోందా? లావుపాటి స్పాంజి గ్రిప్పులు తొడిగిన బళ్ళు నేను చాలా చూశాను. లివర్ రావలసిన దూరంలో కొంత ఆ స్పాంజికే పోతుంది. బండి ఎప్పుడో పడి లివర్ లోపలికి వంగినా అంతే. ఇలాంటి వాటికి వైరు ఎంత బిగించినా లాభం లేదు. గ్రిప్పు తీసేయండి, లివర్ మార్చండి.

తర్వాత లివర్‌ని లాగి ఒక్కసారిగా వదలండి. టప్పున వెనక్కి రావాలి. నింపాదిగా వస్తోందంటే వైరులో, లివర్ బోల్టులో దుమ్ము పట్టిందన్నమాట. ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల వెనక రోజూ తిరిగే బళ్ళకీ, నాపరాయి గనుల దగ్గరికి పోయే బళ్ళకీ ఈ బాధ ఎక్కువ. లివర్ బోల్టు విప్పి, తుడిచి, గ్రీజు రాయండి. వైరు పైకొన విప్పి, దాని చుట్టూ ప్లాస్టిక్ కవరు గరాటులా కట్టి, కొన్ని చుక్కల ఆయిల్ పోసి నిలువుగా ఉంచితే మెల్లగా లోపలికి దిగుతుంది. వైరు విప్పినప్పుడు నిపిల్ దగ్గర పోగులు చూడండి. ఒక్కటి తెగి ముళ్ళలా లేచినా ఆ వైరుకు సెట్టింగ్ చేయకండి, కొత్తది వేయండి. దాని ఖరీదు పెద్దది కాదు. మైదుకూరు రోడ్డు మీద రాత్రి తొమ్మిదింటికి తెగితే పడే అవస్థ మాత్రం పెద్దదే.

ఇప్పుడు ఖాళీ కొలవండి. లివర్ చివర గుండు పక్కన స్కేలు పెట్టి, ఒక్క వేలితో లివర్‌ని మెల్లగా లాగండి. మొదట వదులుగా కదులుతుంది, కొంత దూరం తర్వాత బరువు తగులుతుంది. ఆ వదులుగా కదిలిన దూరమే ఖాళీ. మెకానిక్‌లు దాన్ని ప్లే అంటారు. మన రోడ్ల మీద తిరిగే చాలా కమ్యూటర్ (రోజువారీ వాడే చిన్న) బళ్ళకు ఇది లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. బుల్లెట్ లాంటి బళ్ళకు లివర్ మొదట్లో, అంటే హోల్డర్‌కీ లివర్‌కీ మధ్య సందులో, 2–3 మిల్లీమీటర్లని చూస్తారు. మీ బండితో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొలిస్తే 30, 35 వచ్చిందా? దొంగ దొరికినట్టే.

అడ్జస్టర్ తిప్పడం

లివర్ దగ్గర రబ్బరు టోపీ వెనక్కి జరిపితే గరుకు అంచులున్న చిన్న చక్రం, దాన్ని ఆనుకుని పలచటి లాక్ రింగు కనిపిస్తాయి. ముందు లాక్ రింగు వదులు చేయాలి. చేత్తో రాకపోతే కటింగ్ ప్లేయర్‌తో పట్టండి, కానీ గుడ్డ అడ్డం పెట్టండి. ఊరికే పట్టేస్తే ఆ మెత్తటి లోహం అంచులు అరిగిపోతాయి.

ఎటు తిప్పితే ఏమవుతుందో గుర్తు పెట్టుకోవడానికి కుడి ఎడమల లెక్క వద్దు. అడ్జస్టర్ మర బయటికి వస్తే వైరు బిగుస్తుంది, ఖాళీ తగ్గుతుంది. మర లోపలికి పోతే వైరు వదులవుతుంది, ఖాళీ పెరుగుతుంది. ఒక చుట్టు తిప్పి, కొలిచి, మళ్ళీ ఒక చుట్టు. ఖాళీ కొద్దిగానే ఎక్కువైతే పని ఇక్కడితో అయిపోతుంది.

ఇప్పటికే అడ్జస్టర్ మర సగానికి పైగా బయట కనిపిస్తుంటే ఇంకా బయటికి లాగకండి. నాలుగు చుట్ల మీద నిలబడ్డ మర ఏదో ఒక గుంతలో విరుగుతుంది. అలాంటప్పుడు దాన్ని పూర్తిగా లోపలికి బిగించి, ఒక్క చుట్టు మాత్రం వెనక్కి తిప్పి వదిలేసి, ఇంజన్ వైపు కొనకు వెళ్ళాలి. పెద్ద దిద్దుబాటు ఎప్పుడూ కింద, చిన్న దిద్దుబాటు పైన. ఈ వరుస తిరగేసినవాళ్ళే నెలకోసారి క్లచ్ సెట్టింగ్ అంటూ షెడ్డు చుట్టూ తిరుగుతుంటారు.

ఇంజన్ దగ్గర వైరు వచ్చి ఒక చిన్న బ్రాకెట్లో కూర్చుంటుంది. చాలా బళ్ళకు ఇది కుడివైపు, కిక్కు రాడ్డుకు కాస్త పైన. వైరు నల్ల తొడుగు చివర మరలున్న గొట్టం, దాని మీద రెండు నట్లు ఉంటాయి. ఒకటి అడ్జస్టింగ్ నట్టు, ఒకటి లాక్ నట్టు. అవతల సన్నటి వైరు మాత్రం బయటికి వచ్చి, క్లచ్ ఆర్మ్‌కి, అంటే లోపలి పలకలను విడదీసే చిన్న కడ్డీకి, తగులుకుని ఉంటుంది. లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టింగ్ నట్టు తిప్పండి. నల్ల తొడుగు ఆర్మ్ నుంచి దూరంగా జరిగితే వైరు బిగుస్తోందని అర్థం. ఒక చేత్తో నట్టు తిప్పుతూ, రెండో చేత్తో పైన లివర్ ఆడించి చూస్తూ ఉండండి. ఖాళీ 15 మిల్లీమీటర్ల దగ్గరికి రాగానే ఆపి, అడ్జస్టింగ్ నట్టుని ఒక పానాతో కదలకుండా పట్టి, రెండో పానాతో లాక్ నట్టు బిగించండి. ఒక్క పానాతో బిగిస్తే రెండు నట్లూ కలిసి తిరిగి మీ కొలత పోతుంది.

ఆఖరున పైన అడ్జస్టర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్లు సరిచేసి, లాక్ రింగు బిగించండి. వైరు ఎక్కించడానికి అడ్జస్టర్‌కీ, రింగుకీ, హోల్డర్‌కీ సన్నటి గాడి ఉంటుంది. మూడు గాళ్ళూ ఒకే వరుసలో ఉండిపోకుండా చూడండి. వరుసలో ఉంటే అటునుంచే వాన నీళ్ళు దిగుతాయి, ఒక్కోసారి వైరే బయటికి జారుతుంది. రబ్బరు టోపీ తిరిగి తొడగడం మర్చిపోకండి.

ఒకసారి హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పి రెండు చోట్లా ఖాళీ చూడండి. ఒకవైపు తిప్పినప్పుడు ఖాళీ మాయమైతే వైరు ఎక్కడో ఇరుక్కుని లాగబడుతోంది, దాని దారి సరిచేయాలి.

గువ్వలచెరువులో నేర్చుకున్నది

కొంచెం బిగిస్తే ఇంత హాయిగా ఉంది కదా, ఇంకొంచెం బిగిస్తే ఇంకా బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. నా పాత 150 సీసీ బండికి ఖాళీ అనేదే లేకుండా, లివర్ వెంట్రుకంత కదిలినా క్లచ్ పలికేలా చేశాను. కడప టౌన్లో న్యూట్రల్ వెన్నలా పడింది. ఆ ఆదివారం ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని రాయచోటి బయల్దేరాను. గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యాక మూడో మలుపు దగ్గర ఇంజన్ రేసు పెరుగుతోంది, బండి మాత్రం పెరగట్లేదు. కాసేపటికి కాలిన వాసన. ఇంట్లోవాళ్ళు అది లారీ బ్రేకుల వాసన అనుకున్నారు. నాకు తెలుసు అది ఎవరిదో.

ఖాళీ లేకపోతే లివర్ వదిలేసినా వైరు క్లచ్‌ని కొద్దిగా లాగి పట్టుకునే ఉంటుంది. పలకలు గట్టిగా అతుక్కోవు, జారుతాయి, జారి కాలుతాయి. ఘాట్ పైన పాలకోవా అంగళ్ళ దగ్గర బండి ఆపి, వేడి ఇంజన్ పక్కన కూర్చుని కింది అడ్జస్టింగ్ నట్టు రెండు చుట్లు వదులు చేశాక కాస్త దారికొచ్చింది. వాళ్ళు కోవా తిన్నారు, నేను వేళ్ళు ఊదుకున్నాను. వారం తిరక్కుండా క్లచ్ ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. పాత ప్లేట్లు చేతిలో పెట్టి మా మెకానిక్ భాయ్ అన్న మాట: "బిగిచ్చేది ఎవురైనా బిగిస్తారు సార్, ఎంత వదలాల్నో తెలియాల."

కాబట్టి సెట్టింగ్ అయ్యాక రెండు పరీక్షలూ చేయండి. ఒకటి, పాకుతోందా అని మొదట చేసిన పరీక్ష. రెండోది జారుతోందా అని. ఖాళీ రోడ్డు మీద మూడో గేర్లో 35, 40 వేగంలో ఉండగా ఎక్సలేటర్ గట్టిగా తిప్పండి. ఇంజన్ చప్పుడుతో పాటే బండీ ముందుకు దూకాలి. చప్పుడొక్కటే పెరిగితే మరీ బిగించారు, వదలండి. అరగంట తిరిగి ఇంజన్ బాగా వేడెక్కాక ఖాళీ మరోసారి చూడండి. వేడికి అది కొంత మారుతుంది. ఎంత మారినా పూర్తిగా మాయం కాకూడదు.

వైరు సరిగ్గా ఉన్నా పడకపోతే

ఐడిల్, అంటే ఎక్సలేటర్ ముట్టుకోనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, చూడండి. ట్రాఫిక్‌లో బండి ఆగిపోతోందని స్క్రూ తిప్పి రేసు పెంచి పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. కమ్యూటర్ బళ్ళకు ఐడిల్ నిమిషానికి 1,400 చుట్ల దగ్గర ఉంటే సరిపోతుంది. 2,000 పెట్టుకుంటే మంచి క్లచ్ కూడా పూర్తిగా విడవక బండిని ఈడుస్తుంది, ఫస్ట్ వేసిన ప్రతిసారీ ఠంగుమంటుంది. ఇది కార్బురేటర్ బళ్ళ సంగతి. 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్6 కాలుష్య నియమాలతో వచ్చిన ఇంజెక్షన్ బళ్ళకు ఐడిల్‌ని కంప్యూటరే చూసుకుంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ పెట్టకండి.

తర్వాత ఆయిల్. మార్చి ఎన్నాళ్ళయింది? పాతబడ్డ ఆయిల్‌తో గేర్లు బిరుసెక్కడం చాలామందికి అనుభవమే. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, కూడా ముఖ్యం. 10డబ్ల్యూ30 వేయమన్న బండికి చిక్కగా ఉంటే మంచిదని 20డబ్ల్యూ50 పోస్తే పలకల మధ్య ఆ చిక్కదనమే అంటుకుని ఈడుస్తుంది. ఎక్కువ పోసినా నష్టమే, గీత దాటకూడదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఆయిల్లో మునిగే క్లచ్‌కి సరిపోతుందనే గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి. ఇంట్లో కారుకు తెచ్చిన ఆయిల్ మిగిలింది కదా అని బండిలో పోయకండి. జారుడు పెంచే మందులు కలిపిన కారు ఆయిళ్ళకు క్లచ్ పలకలు జారిపోతాయి.

చైన్ మరీ బిగుతుగా ఉన్నా గేర్లు కష్టంగా పడతాయి. ఊరెళ్ళి నెలల తరబడి నిలిపిన బండైతే పలకలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉండొచ్చు. న్యూట్రల్‌లోనే స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కనిచ్చి, క్లచ్ పదిసార్లు లాగి వదిలితే చాలావరకు విడిపోతాయి.

నడిపే తీరు కూడా కొంత ఉంది. గేర్లన్నీ ఒకేవైపు పడే వంద సీసీ బళ్ళలో న్యూట్రల్ ఒక చివర ఉంటుంది కాబట్టి పెద్ద బాధ లేదు. ఫస్ట్ కిందికి, మిగతావి పైకి ఉండే బళ్ళలో అది ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య సన్నటి సందు. పూర్తిగా ఆగిపోయాక వెతకడం కన్నా, సిగ్నల్ ఇంకో పది అడుగులు ఉందనగా, బండి మెల్లగా దొర్లుతుండగానే సెకండ్ నుంచి కాలితో సున్నితంగా సగం నొక్కు నొక్కండి. ఆగిపోయాక పడకపోతే తన్నొద్దు. క్లచ్‌ని రవ్వంత వదిలి, బండి కదలబోతున్నట్టు అనిపించగానే మళ్ళీ లాగి, అప్పుడు కాలు ఆడించండి. పట్టేసుకున్న పళ్ళు ఆ క్షణంలో వదులవుతాయి. పాత బుల్లెట్లకు కుడివైపు గేర్ పక్కన న్యూట్రల్ వేయడానికే విడిగా ఒక చిన్న రాడ్డు ఉండేది. మడమతో ఒక్క నొక్కు, న్యూట్రల్. ఆ సుఖం ఇప్పుడు లేదు.

ఇవన్నీ చేశాక కూడా బండి పాకుతూనే ఉంటే లోపల స్టీలు పలకలు వంగి ఉండొచ్చు, లేదా పలకల చెవులు కూర్చునే క్లచ్ బుట్టకు గాట్లు పడి పలకలు అక్కడ ఇరుక్కుంటూ ఉండొచ్చు. ఇది షెడ్డు పని. అక్కడికెళ్ళి ఊరికే న్యూట్రల్ పడట్లేదు అనకండి. అలా అంటే మళ్ళీ వైరే బిగించి పంపిస్తారు. వైరు ఖాళీ 15 మిల్లీమీటర్లు ఉంది, ఐడిల్ సరిగ్గా ఉంది, ఆయిల్ కొత్తది, ఇంజన్ ఆపితే న్యూట్రల్ పడుతోంది, నడుస్తుంటే పడట్లేదు అని చెప్పండి. క్లచ్ కవరు విప్పినప్పుడు పక్కనే ఉండి బుట్ట గాట్లు వేలితో తడిమి చూడండి. కొత్త పలకలు వేసే ముందు వాటిని కొంతసేపు ఇంజన్ ఆయిల్లో నానబెట్టమనండి. కవరు సందులో ఆయిల్ కారకుండా వేసే పాత గ్యాస్కెట్‌కే పేస్టు పూసి మూసేయకుండా కొత్తది వేయించండి. పని అయ్యాక బండి తీసుకునే ముందు, ఖాళీ కొలవడానికి స్కేలు మీ జేబులో ఉంటే మంచిది.